సాహిత్యం వెంట క్లారినెట్: తెలుగు నేలపై ఒక వాద్యపాఠ చరిత్ర

క్లారినెట్ సాధకుడు ఏ రచనలతో అభ్యాసం ప్రారంభిస్తాడు, ఏ రచనలతో వేదికపై ఒంటరిగా నిలుస్తాడు అన్న ప్రశ్నకు యూరపులో సమాధానం గ్రంథాలయపు అరలలోనే లభిస్తుంది. సాధనకు హయసింత్ క్లోజే 1843లో పారిస్‌లో వెలువరించిన బోధనగ్రంథం, సిరిల్ రోజ్ 32 అభ్యాసరచనలు ఉన్నాయి. ప్రదర్శనకు మోట్సార్ట్ 1791 నాటి కాన్చెర్టో, వేబర్ 1811 నాటి రెండు కాన్చెర్టోలు, బ్రామ్స్ 1894 నాటి రెండు సొనాటాలు ఉన్నాయి. వీటిలో ప్రతి ఏకవాద్య రచన వెనుకా ఒక వాదకుడున్నాడు. మోట్సార్ట్‌కు ఆంటోన్ ష్టాడ్లర్, వేబర్‌కు హైన్రిక్ బేర్మన్, బ్రామ్స్‌కు రిచర్డ్ మ్యూల్‌ఫెల్ట్. వాదకుని ఊపిరి బలమూ వేళ్ల నేర్పూ ఎరిగి స్వరకర్త రాశాడు.

తెలుగునాట క్లారినెట్ రెండు శతాబ్దాలకు దగ్గరగా వినిపిస్తున్నా, దాని పేరిట వెలసిన రచనాసంపద ఈ తీరులో లేదు. అంతమాత్రాన పాఠమే లేదనడం సరికాదు. ఉన్న పాఠం గాత్రం పేరిట ఉంది. వర్ణం, కీర్తన, పదం, జావళి ఒక పాయ. తొలుత మద్రాసు స్టూడియోలలోనూ తరువాత జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిసరాలలోనూ పుట్టిన సినిమా పాట రెండవ పాయ. రెండింటా వాద్యం అనుసరించింది తెలుగు సాహిత్యాన్నే. కాబట్టి ఈ చరిత్ర సంగీత విభాగానికి ఎంత సంబంధించినదో తెలుగు విభాగానికీ అంతే సంబంధించినది.

వాద్యం దక్షిణదేశానికి వచ్చింది సైనిక బృందాలతో. ముత్తుస్వామి దీక్షితులు సెయింట్ జార్జి కోటలో యూరపు బృందగీతాలు విని వాటి వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చారని సంప్రదాయం చెబుతుంది. వాటికి నోటుస్వరాలన్న పేరు నిలిచింది. గమకం లేని శంకరాభరణ స్వరాలతో సాగే ఆ చిన్న రచనలను పిల్లలు నేటికీ తొలిపాఠాలుగా నేర్చుకుంటున్నారు. ఆ కాలపు బ్రిటిష్ సైనిక బృందాలలో క్లారినెట్ ముఖ్యవాద్యాలలో ఒకటి. అంటే ఇక్కడ మొదట బ్యాండు వరుసకే సాహిత్యం అమరింది. సాహిత్యానికి బ్యాండు వాద్యం అమరడం ఆ తరువాతి మాట.

ఆ రెండవ ఘట్టం నాట్యమేళంలో జరిగింది. 19వ శతాబ్దిలో చిన్నమేళంలోకి క్లారినెట్‌ను తెచ్చిన ఘనతను తంజావూరు మహాదేవ నట్టువనారుకు ఇస్తారు. అంతకుముందు ఆ స్థానం ముఖవీణది. తంజావూరు తమిళదేశంలోనిదే అయినా, ఆ మేళం ఆడినవీ పాడినవీ ఎక్కువగా తెలుగు రచనలు: స్వరజతులు, పదవర్ణాలు, క్షేత్రయ్య పదాలు, జావళులు. నర్తకి ముఖాభినయం ఒక్క మాట చుట్టూ పలువిధాల తిరుగుతున్నప్పుడు క్లారినెట్ ఆ మాటను విడువక పట్టుకోవాలి. కూచిపూడి నాట్యబృందంలోనూ మృదంగం, వయొలిన్‌ల సరసన దీనికి చోటు లభించింది. భారతదేశంలో క్లారినెట్ మొదట చదువుకున్న భాషలలో తెలుగు ముందువరుసలో ఉందనడం అతిశయోక్తి కాదు. ఇరవయ్యవ శతాబ్దిలో ఎ.కె.సి. నటరాజన్ దానిని పక్కవాద్యపు స్థానం నుంచి పూర్తి కచేరీ వాద్యంగా నిలిపారు. 2008లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆ కచేరీకి ఆధారమైనదీ త్యాగరాజాదుల కీర్తనల సంపదే.

గాత్రపాఠాన్ని వాద్యం యథాతథంగా స్వీకరించలేదు. వేణువు, సన్నాయి గట్టిగా ఊదితే అదే వేలిముద్ర పై స్థాయి స్వరాన్నిస్తుంది. క్లారినెట్ అలా కాదు. దాని రెండవ శ్రుతిమండలం ఎనిమిదవ స్వరం వద్ద కాక పన్నెండవ స్వరం వద్ద మొదలవుతుంది. కింద షడ్జమం పలికిన వేలిముద్ర పైన తారపంచమాన్ని పలికిస్తుంది. సన్నాయి నేర్చిన చేయి క్లారినెట్ పట్టినప్పుడు పై స్థాయిని కొత్తగా నేర్చుకోవలసి వస్తుంది.

ఇంకొక చిక్కు నడిమి అతుకు. యూరపు లేఖనంలో బి-ఫ్లాట్ నుంచి బి-కి, ఒక్క అర్ధస్వరం ఎక్కడానికి, దాదాపు రంధ్రాలన్నీ తెరిచిన స్థితి నుంచి అన్నీ మూసిన స్థితికి వేళ్లు ఒక్కసారిగా మారాలి. సి స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే మాయామాళవగౌళ సరళివరుసలో ఈ అతుకు దైవత నిషాదాల నడుమ పడుతుంది. జి స్వరాన్ని తీసుకుంటే రిషభ గాంధారాల నడుమ, అంటే ప్రతి ఆవర్తంలోనూ మొదటి మూడు స్వరాలలోనే ఎదురవుతుంది. గాత్రవిద్యార్థికి సులువైన తొలివరుస క్లారినెట్ విద్యార్థికి అన్నింటికంటే కఠినమైన అభ్యాసం కావచ్చు. క్లోజే గ్రంథంలో ఈ అతుకు కోసమే కట్టిన అభ్యాసాలున్నాయి. తెలుగు గురువు షడ్జమం ఎక్కడ పెట్టాలో ఎంచుకోవడంతో సగం పని చక్కబెడతాడు. ఆ ఎంపిక ఏ స్వరపుస్తకంలోనూ అచ్చయ్యే విషయం కాదు.

భాషవైపు నుంచి చూస్తే అసలు సమస్య నాలుక. రీడును నాలుకతో తాకితే స్వరం విడివడుతుంది, తాకకపోతే ఊపిరిపై కలిసి సాగుతుంది. తెలుగు అజంతభాష. మాట చివర అచ్చు సాగుతుంది, తరువాతి హల్లు దానిని తెంచుతుంది. ప్రతి హల్లుకూ నాలుక తాకిస్తే కీర్తన స్వరకల్పనలా ముక్కలవుతుంది. ఎక్కడా తాకించకపోతే మాట వినిపించదు. ఏ అక్షరాన్ని తాకాలి, దేనిని మోయాలి, సమాసం విరగకుండా ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అన్న నిర్ణయాలు నిజానికి పదచ్ఛేదానికి సంబంధించినవి. సాహిత్యం తెలియని వాదకుడు తాళం చూసి ఊపిరి తీస్తాడు, తెలిసినవాడు అర్థం చూసి తీస్తాడు.

పచ్చిమిరియం ఆదియప్పయ్య భైరవి అటతాళ వర్ణం ఇందుకు మేలైన అభ్యాసరచన. వర్ణంలో సాహిత్యాక్షరాలు తక్కువ. ఒక్కొక్క అచ్చు పధ్నాలుగు అక్షరాల ఆవర్తంలో దీర్ఘంగా సాగుతూ ఊపిరిని పరీక్షిస్తుంది. ముక్తాయిస్వరాలు, చిట్టస్వరాలు నాలుకను పరీక్షిస్తాయి. రోజ్ అభ్యాసాలలో అధికభాగం ఫెర్లింగ్ ఓబో కోసం రాసినవాటి నుంచి తెచ్చుకున్నవే. కనుక మరొక వాద్యం నుంచో కంఠం నుంచో పాఠం తెచ్చుకోవడం కొరత అనిపించుకోదు.

ఈ పాఠాన్ని తెలుగులో రాసిపెట్టే సాధనం 1904 నాటికే సిద్ధమైంది. సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం నుంచి వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలో స్వరంతో పాటు కంపితం, నొక్కు, రవ, జారు వంటి గమకాలకు గుర్తులు నిలిపింది. అంతకు పదకొండేళ్ల ముందు, 1893లో, చిన్నస్వామి మొదలియారు ఈ సంగీతాన్ని యూరపు లేఖనంలో ప్రకటించారు. రెండు లేఖనాలూ కలిసే చోటు ఏదైనా ఉంటే అది క్లారినెట్. వీణపై తీగను లాగి పలికించే ఒదుక్కును ఈ వాద్యం పెదవి బిగువుతోనూ రంధ్రాన్ని సగం మూసీ తెచ్చుకుంటుంది. అయినా వాద్యానికి తగిన ఒక్క ప్రత్యేక గుర్తును కూడా ఆ కూడలి నుంచి ఎవరూ ప్రచారంలోకి తేలేదు.

రెండవ పాయ వీధిలో పారింది. పెళ్లిలో ముహూర్తం సన్నాయి డోలుది, ఊరేగింపు బ్యాండుది. బ్యాండులో పాటను నడిపేది చాలాచోట్ల క్లారినెట్టే. ఇక్కడ పాఠం సినిమాది. చూచి నేర్చుకునేది కాదు, విని పట్టుకునేది. పల్లవి, చరణం గాయకుని నుంచి వస్తాయి. వాటి నడుమ వచ్చే వాద్యఖండం, బ్యాండువారు ‘బిట్టు’ అనేది, వేరు. సాహిత్యం లేకుండా వాద్యం కోసమే కూర్చిన సంగీతం తెలుగు క్లారినెట్ వాదకునికి నిత్యం చేతికందింది ఈ బిట్టులోనే. ష్టాడ్లర్‌కు మోట్సార్ట్ ఇచ్చినదానికి ఇక్కడి ఛాయ ఏదైనా ఉంటే అది ఇదే, ఎవరి పేరూ లేకుండా.

మద్రాసులో ప్రత్యక్షవాద్యబృందంతో ముద్రణ జరిగిన కాలంలో బిట్టులు కాగితంపై స్వరాలుగా వాదకుల ముందుకు వచ్చేవి. సినిమాహాళ్ల వద్ద అమ్మిన పాటల పుస్తకాలలో మాత్రం కథాసంగ్రహం, నటవర్గం, పాటల మాటలు అచ్చయ్యాయి, బిట్టుకు చోటు దొరకలేదు. తెలుగు సినీసాహిత్య పరిశోధన ఆ పుస్తకాలపైనే నిలబడటం వల్ల కవి మిగిలాడు, రెండు చరణాల నడుమ ఊదినవాడు మిగలలేదు. ఇది పరిశోధన స్వయంగా తెచ్చిపెట్టుకున్న లోటు.

పరిశ్రమ హైదరాబాదుకు తరలిన తరువాత పరిస్థితి మరొక మలుపు తిరిగింది. జూబ్లీహిల్స్ పొరుగున 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలిసింది. ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో, ఆ చుట్టూ నిర్మాణ సంస్థల కార్యాలయాలు పెరిగాయి. అదే దశాబ్దాలలో కంప్యూటరు స్వరఫలకం వచ్చింది. నమూనాధ్వనిగా నిలువచేసిన క్లారినెట్‌ను మీటలపై వాయించవచ్చు. దానికి ఊపిరి అక్కరలేదు, అతుకూ లేదు. అలా కూర్చిన బిట్టును ఊరేగింపులో నిజమైన క్లారినెట్‌పై ఊదవలసిన వాదకుడు కొన్నిచోట్ల స్వరాలు వదలాలి, కొన్నిచోట్ల స్థాయి మార్చాలి. వాద్యానికి లొంగేలా అతడు చేసే ఈ మార్పు సంగీతరచనే.

2024 ఫిబ్రవరిలో విడుదలైన 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' చిత్రంతో పరిశ్రమ కోనసీమ బ్యాండు జీవితాన్ని కథగా తెరకెక్కించింది. శేఖర్ చంద్ర కూర్చిన ఆ పాటలు కూడా బ్యాండ్లకు చేరే దారి చెవి ఒక్కటే. మోట్సార్ట్ కాన్చెర్టో స్వహస్తప్రతి సైతం పోయింది. ఇప్పుడు వాయిస్తున్నది 1801లో మామూలు క్లారినెట్‌కు అనువుగా మార్చి అచ్చువేసిన పాఠం, లేదా దాని నుంచి వెనక్కు ఊహించి పునర్నిర్మించినది. అక్కడ పునర్నిర్మాణానికి అచ్చుప్రతి అయినా ఆసరా ఇచ్చింది. ఇక్కడ ఆసరా వృద్ధ బ్యాండు వాదకుల జ్ఞాపకం. వారి వద్ద ఒక్కొక్క పాటనూ ధ్వనిముద్రణ చేసి, పై వరుసలో సాహిత్యం, నడిమి వరుసలో ప్రదర్శిని పద్ధతిలో స్వరం, కింది వరుసలో నాలుక తాకే చోట్లు, ఊపిరి తీసే చోట్లు గుర్తించి రాసుకోవచ్చు. బిట్టు వచ్చినప్పుడు పై వరుస ఖాళీగానే ఉంటుంది.