బిళ్ళగన్నేరు ఆకు, ఆగిన కణచక్రం

1952లో జమైకా నుంచి కెనడాకు ఒక కవరు వచ్చింది. అందులో ఉన్నవి పాతిక ఆకులు. తెలుగు లోగిళ్లలో బిళ్ళగన్నేరుగా పెరిగే మొక్కవే అవి. జమైకాలో మధుమేహానికి ఆ ఆకుల కషాయం తాగేవారు. కవరు అందుకున్న డాక్టర్ క్లార్క్ నోబుల్‌కు మధుమేహంతో పాత సంబంధం ఉంది. 1921లో బాంటింగ్‌కు సహాయకుడిగా ముందు ఎవరు చేరాలో తేల్చిన బొమ్మాబొరుసులో ఓడి, ఇన్సులిన్ చరిత్రలో తన చోటును చార్లెస్ బెస్ట్‌కు వదులుకున్నది ఆయనేనంటారు. ఆకులను ఆయన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు అప్పగించారు. రాబర్ట్ అప్పట్లో ఒంటారియోలోని లండన్ నగరంలో, వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకులు.

కషాయం తాగించిన ఎలుకల్లో చక్కెర తగ్గలేదు. సారాన్ని సూదితో ఎక్కించిన ఎలుకలు కొద్ది రోజులకే బాక్టీరియా సోకి చనిపోయాయి. మరొకరైతే ఆకులను అవతల పారవేసేవారేమో. నోబుల్ రక్తం పరీక్షించారు. తెల్లరక్తకణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి. ఎముక మజ్జ క్షీణించింది. మధుమేహానికి పనికిరాని ఆకు లుకేమియాకు పనికిరావచ్చునన్న ఊహ అక్కడ పుట్టింది. 1954లో చేరిన రసాయనవేత్త చార్లెస్ బీర్‌తో కలిసి 1958 నాటికి ఆ పదార్థాన్ని వేరుచేశారు. అదే విన్‌బ్లాస్టిన్.

కణం రెండుగా చీలే ముందు జన్యుపదార్థానికి నకలు తీసుకుని, క్రోమోజోములను చెరోవైపుకు లాగే కండె పోగులను ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో పేనుకుంటుంది. విన్‌బ్లాస్టిన్ ఆ ట్యూబ్యులిన్‌ను అంటిపెట్టుకుని పోగులను నిలవనివ్వదు. పంపకం కుదరని కణం నడిదారిలో ఆగిపోయి, తరచు మరణిస్తుంది.

విభజనకు కళ్లెం వేసే ఆర్‌బీ, పీ53 జన్యువుల సంగతి 1958లో ఎవరికీ తెలియదు. కణాన్ని విభజనలోకి నెట్టే కారకాన్ని టొరాంటో ఆచార్యుడు యోషియో మసూయి, మార్కర్ట్‌తో కలిసి కప్ప అండాల్లో చూపినది 1971లో. (కణచక్ర పరిశోధనకు 2001లో ఇచ్చిన నోబెల్‌లో మసూయి పేరు లేకపోవడం అన్యాయమే.) కళ్లెం జన్యువులు ఉత్పరివర్తనలకు లోనైతే కణం ఆగవలసిన చోట ఆగదు. ఈ మందు ఆ తప్పును సరిదిద్దదు, గుర్తించదు కూడా. విభజనలో ఉన్న కణం ఏదైనా, ఆరోగ్యకరమైనదైనా సరే, పట్టుకుంటుంది. ఎలుకలను చంపిన గుణం, మందు గుణం ఒకటే. రోగికి తెల్లకణాలు పడిపోతాయేమోనన్న బెంగ వైద్యులకు నేటికీ తప్పలేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మెథోట్రెక్సేట్ మరో మెట్టు ముందే, డీఎన్‌ఏ నకలు తయారయ్యే దశలోనే, కణాన్ని అడ్డుకుంటుంది. మూత్రాశయ క్యాన్సర్‌కు ఎంవ్యాక్ అనే చికిత్సలో మొదటిరోజు సుబ్బారావు మందు ఎక్కిస్తారు, మర్నాడు బిళ్ళగన్నేరు మందు.