గుమ్మడికాయ దొంగ భుజాలెందుకు తడుముకున్నాడు?

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. అందరం వాడేదే గానీ, ఓసారి లాజిక్ చూడండి. మా ఏన్కూరు వైపు ఉత్త గుమ్మడికాయ అంటే పులుసులో వేసుకునే తియ్య గుమ్మడే. దాన్ని భుజానేసుకుని పరిగెత్తితే ఏం అంటుకుంటుంది? ఏమీ అంటుకోదు. తెల్లటి పొడి రాల్చేది బూడిద గుమ్మడి. అంటే ఈ సామెత కట్టినవాళ్ళకి గుమ్మడికాయంటే బూడిద గుమ్మడే అన్నమాట.

చరిత్ర చూసినా లెక్క సరిపోతుంది. తియ్య గుమ్మడి అమెరికా ఖండాల పంట. 1492లో కొలంబస్ అటు వెళ్ళేదాకా మనవైపు దాన్ని చూసినవాడు లేడు. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాక, ఆ ఓడల రాకపోకల కాలంలోనే ఇటొచ్చింది. గుమ్మడి అన్న మాట మాత్రం పాతది, ద్రావిడ భాషల్లో దానికి చుట్టాలున్నాయి. మలయాళీలనడగండి, కుంబళంగ అంటే ఇప్పటికీ బూడిద గుమ్మడే. కొత్తదాన్ని వాళ్ళు మత్తంగ అంటారు. తమిళులైతే పరంగిక్కాయ్ అని పేరులోనే పరదేశి ముద్ర కొట్టేశారు. మనమూ కన్నడిగులూ మాత్రం పాతదాని పేరు తీసి కొత్తదానికిచ్చి, పాతదానికి ముందు 'బూడిద' తగిలించాం. సెల్‌ఫోన్లొచ్చాక మామూలు ఫోను ల్యాండ్‌ఫోన్ అయిపోలా? సరిగ్గా అదే.

తీగ, ఆకు, పసుప్పచ్చ పువ్వు, నెలల తరబడి అటకమీద నిలవుండే కాయ... ఇన్ని పోలికలుంటే కొత్త పేరెందుకనుకున్నారేమో. మిరియానికి చుట్టంలా కారంగా ఉందని మిరపకి పేరు పెట్టుకోలేదూ!

ఇది చెబితే కొందరికి కోపం. బతుకమ్మలో గుమ్మడిపువ్వు పెడతాం, అది పరాయిదెలా అవుతుందంటారు. పక్కన పేర్చే బంతిపువ్వుదీ మెక్సికోనే మరి! అంతమాత్రాన బతుకమ్మ మనది కాకుండా పోతుందా? బూడిద గుమ్మడి పువ్వూ పసుపే కాబట్టి, పేరుతో పాటు పండగలో చోటు కూడా చేతులు మారిందని నా అనుమానం. పూర్వం నుంచీ అన్నీ ఇలాగే ఉన్నాయనడం నాకు నచ్చదు. మనవాళ్ళు కొత్తవాటిని ఇంత సులువుగా కలుపుకున్నారనడమే గొప్పగా ఉంటుంది.

అన్నట్టు, పాత అర్థం పూర్తిగా చావలేదు. సినిమావాళ్ళు షూటింగ్ అయిపోగానే "గుమ్మడికాయ కొట్టేశాం" అంటారే, ఆ కొట్టేది బూడిదదే. అక్కడ ముందు 'బూడిద' ఎవ్వరూ తగిలించరు.