నాటకశాలలో పెట్టుకున్న పేరు

బెజవాడ నాటకశాలల కథ ఎవరు చెప్పినా నటుల పేర్లు వస్తాయి, హార్మోనిస్టుల పేర్లు వస్తాయి, ఏ పద్యానికి ఎన్ని వన్స్‌మోర్‌లు పడ్డాయో వస్తుంది. 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో మైలవరం జమీందారు నాటకశాలలో కూచున్న మాలమాదిగల సంగతి మాత్రం రాదు. వాళ్ళు పద్యాలు వినడానికి రాలేదు. తమని ఏమని పిలవాలో తేల్చుకోడానికి వచ్చారు.

బెజవాడే ఎందుకంటే, రైలు. నిజాం రైలు 1889కే సికిందరాబాదు నుంచి ఇక్కడిదాకా వచ్చింది. అటు మద్రాసు, ఇటు విశాఖపట్నం, ఎటునుంచి వచ్చినా దిగడానికి వీలైన ఊరు. ఊళ్ళో బండి ఎక్కనివ్వని మనిషి కూడా టిక్కెట్టు కొనుక్కుని రైలు పెట్టెలో కూచోగలడు. తెనాలి వైపు నుంచి రోజూ పాసింజరులో వచ్చే నాలాంటి ఉద్యోగులకి ఇప్పటికీ ఆ రైలే ఆధారం. కృష్ణ మీద వంతెన దాటేటప్పుడు ఎడంపక్క కనకదుర్గ కొండ కనిపిస్తుంది. పెట్టెలో అందరూ చేతులు జోడిస్తారు. నాకు 1917 గుర్తొస్తుంది. సభకి వచ్చిన అంటరానివాళ్ళు ఎక్కడ గుళ్ళోకి వస్తారోనని ఆ మూడు రోజులూ ఆ గుడి తలుపులు మూసేశారు. అమ్మవారి తలుపు మూసుకుంది, నాటకశాల తలుపు తెరుచుకుంది.

దీన్ని జమీందారు ఔదార్యంగానో సంస్కర్తల గొప్పతనంగానో రాసుకునేవాళ్ళు రాసుకోవచ్చు. సభ ఏర్పాటుకి ముందు నిలబడ్డ గూడూరు రామచంద్రరావు బ్రాహ్మడే, ఆయన కష్టాన్ని నేను కాదనను. కానీ సభకి పెట్టిన పేరు చూడండి: పంచమ మహాసభ. పంచముడంటే అయిదోవాడు. నాలుగు వర్ణాలూ లెక్కపెట్టుకున్నాక బయట మిగిలినవాడు. పిలిచినవాళ్ళు మంచివాళ్ళే, పిలిచిన పేరే వాళ్ళ పుస్తకంలోది.

అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ వచ్చాడు. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఈ పంచమ అనే మాట ఏ పురాణంలో ఉంది, ఏ చరిత్రలో ఉంది అని ఆ వేదిక మీదే అడిగాడు. మేం ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అన్నాడు. సభ ఒప్పుకుంది. పంచమ మహాసభగా మొదలైంది ఆది ఆంధ్ర మహాసభ అయింది. పల్లెల్లో బళ్ళు కావాలని, బావులు కావాలని, శాసనసభలోనూ స్థానిక బోర్డుల్లోనూ మనవాళ్ళుండాలని కూడా అడిగారు. అవన్నీ ఇంకొకరు ఇవ్వాల్సినవి. పేరు మాత్రం ఎవర్నీ అడక్కుండా తీసుకున్నారు.

భాగ్యరెడ్డివర్మకి వేదిక కొత్త కాదు. 1906లో పెట్టిన జగన్మిత్ర మండలి తరఫున హరికథలు చెప్పించి జనాన్ని పోగుచేసినవాడు. కథ వినడానికి వచ్చినవాడి చెవిలో చదువు మాట, తాగుడు మానే మాట వెయ్యడం ఆయనకి తెలుసు. మన ఉద్యమం ఉపన్యాసాలతోనే మొదలైందనుకునే మిత్రులు ఇది గమనించాలి.

ఈమధ్య మా బడి పిల్లల్ని పదకొండుమందిని బెజవాడ తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రానికి తీసుకుపోయాను. బలిజేపల్లివారి 'సత్య హరిశ్చంద్ర'. ముందు వరసలో కుర్చీలు దొరికాయి. సగంమంది గూడెం పిల్లలే. మెత్తటి కుర్చీ కిందికి దిగుతుంటే కిసకిసా నవ్వుకున్నారు. వీరబాహు వేషగాడు మొహానికి నల్లరంగు పూసుకుని, తూలుకుంటూ వచ్చాడు. హాలంతా నవ్వింది. మావాళ్ళూ నవ్వారు. ఒక్క పిల్ల మాత్రం నా చెయ్యి గోకి, "సార్, ఆయన మనోళ్ళా?" అనడిగింది.

అవునన్నాను. ఇంతలో హరిశ్చంద్రుడు కాట్లో నిలబడి జాషువా పద్యాలెత్తుకున్నాడు. బలిజేపల్లివారి నాటకంలో గుర్రం జాషువా 'శ్మశానవాటి' పద్యాలు కలిపి పాడటం నటులు తెచ్చిన అలవాటు. కాటి సీను నిలబడిందే వాటిమీద. వన్స్‌మోర్ అని అరిచేవాళ్ళలో ఎంతమందికి తెలుసో, అవి వినుకొండ మాదిగ తల్లి బిడ్డ రాసినవని!

మా నాన్నకీ తెలీదు. ఆయన డప్పు కొట్టేవాడు. ఊళ్ళో ఎవరు చచ్చినా కాటిదాకా ముందు నడిచేది ఆయనే. శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర వేస్తే మాత్రం చెరువుకట్ట మీద కూచుని మైకులో వినేవాడు. విని విని పద్యాలన్నీ రాగంతో సహా పట్టేశాడు. రాసింది జాషువా అని నేను కాలేజీలో చదివొచ్చి చెబితే కాసేపు మాట్లాడలేదు. "అయితే ఆ పందిట్లోకి ఆయన్నయినా రానిస్తారంట్రా?" అన్నాడు తర్వాత.

పంచమ, పరయ అనే మాటలు తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయాలని 1922లో ఎం.సి. రాజా మద్రాసు శాసనసభలో తీర్మానం నెగ్గించాడు. ఆది ఆంధ్ర అనే మాట షెడ్యూల్డు కులాల జాబితాలో ఇప్పటికీ ఉంది. మా బడి పాతది, బోర్డు స్కూలుగా మొదలైంది. నాటకం చూసొచ్చిన వారం పిల్లలకి మొదటి అడ్మిషన్ రిజిస్టరు తీసి చూపించాను. ఒక పేజీలో వరసగా ఏడు పేర్ల పక్కన పంచమ అని రాసి, గీత కొట్టి, పైన వేరే సిరాతో ఆది ఆంధ్ర అని రాశారు. ఆ ఏడు ఇంటిపేర్లలో నాలుగు మా క్లాసులో ఇప్పటికీ హాజరు పలుకుతున్నాయి.