పోస్టులో వెళ్లిపోయిన బీచ్

విశాఖ ఆర్కే బీచ్‌లో ఫొటోలు తీసే పని నేను రీళ్ల రోజుల్లో మొదలుపెట్టాను. ఇక్కడ ముందు నేర్చుకోవాల్సింది ఎండ సంగతి. తూర్పు తీరం కాబట్టి పొద్దున్న వెలుగు సముద్రం వైపు నుంచి వస్తుంది. అలల ముందు మనిషిని నిలబెడితే మొహం నల్లగా పడుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ ఊరి వైపు నుంచి మొహాల మీద పడుతుంది, వెనక నీళ్లు నీలంగా వస్తాయి. అదీ కాసేపే. బీచ్ రోడ్డులో మేడలు లేచేకొద్దీ వాటి నీడ ఇసుక మీదికి తొందరగా దిగుతోంది.

రీలుకు 36 ఫొటోలు. కళ్లు మూసుకుపోతే ఫిల్ము నష్టం మాదే. అందుకే, "ముందే మూసుకోండమ్మా, మూడు అనగానే తెరవండి" అనేవాళ్లం.

అరకు చూసొచ్చిన బెంగాలీ కుటుంబాలు, రాయపూర్, కొరాపుట్ వాళ్లు సగం డబ్బిచ్చి, నా నోటుబుక్కులో చిరునామా రాసి రైలెక్కేవారు. రీలు కడిగించి, కాపీలు వేయించి, వంగకుండా అట్టముక్క పెట్టి పోస్టు చేసేవాణ్ని. నెగటివ్‌లూ అందులోనే. మిగతా సగం మనియార్డరులో వచ్చేది. ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య అంత నమ్మకం నడిచింది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే.

1984లో కాళీమాత గుడి, 1996లో విక్టరీ ఎట్ సీ స్మారకం వచ్చాయి. 2002లో కురుసుర జలాంతర్గామి వచ్చాక అందరికీ దాని ముందే ఫొటో కావాలి. పొడవు 91 మీటర్లు. మొత్తం పట్టిస్తే మనిషి చీమంత, మనిషిని దగ్గరగా తీస్తే వెనక ఉత్త ఇనప గోడ. ముక్కు వైపుకెళ్లి ఏటవాలుగా తీయడమే మార్గం.

తర్వాత డిజిటల్ కెమెరా, బ్యాటరీతో నడిచే చిన్న ప్రింటరు వచ్చాయి. కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరుగుతుంది: పసుపు, ఎరుపు, నీలం, చివర తడి అంటకుండా పైపూత. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారు. ఇక చిరునామాలతో పని లేకపోయింది.

ఇప్పుడు తీరం కోతకు గురవుతోంది. హార్బరులో తవ్విన ఇసుక తెచ్చి పోస్తున్నారు. అప్పట్లో ఇసుక ఎంత వెడల్పుండేదో చూపించే ఫొటోలు మా దగ్గర లేవు. కోల్‌కతాలోనో, కొరాపుట్‌లోనో ఎవరి ఆల్బంలోనో ఉన్నాయి. బీచ్ రోడ్డులోనే విశాఖ మ్యూజియం ఉంది. ఆ ఫొటోల నకళ్లు అడిగి తెప్పించి అక్కడ పెట్టాలని నా కోరిక. మా ఇంట్లో చిరునామాల నోటుబుక్కు భద్రంగానే ఉంది, అడిగితే ఇస్తాను.