వోర్గల్ ఊరి నోట్లు

1930ల ఆర్థిక మాంద్యంలో ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతపు వోర్గల్ పట్టణం కుదేలైంది. పనుల్లేవు, పన్నుల బకాయిలు పేరుకుపోయి పురపాలక ఖజానా ఒట్టిపోయింది. చేతిలో నాలుగు షిల్లింగులున్నవాళ్లు కూడా వాటిని బయటికి తీయలేదు. మేయర్ మైఖేల్ ఉంటర్‌గుగ్గెన్‌బెర్గర్ 1932 జూలైలో ఊరికి సొంత నోట్లు తెచ్చాడు: 1, 5, 10 షిల్లింగులవి. చెల్లుబాటు ప్రధానంగా ఊళ్లోనే. అసలు షిల్లింగులుగా మార్చుకోవాలంటే నూటికి 2 కోత.

కిటుకంతా స్టాంపులో ఉంది. నెలనెలా నోటు విలువలో నూటికి ఒక వంతు పెట్టి స్టాంపు కొని అంటించకపోతే నోటు చెల్లదు. దాచుకుంటే అరిగిపోయే డబ్బు కాబట్టి ఎవరి చేతికొచ్చినా నెల తిరిగేలోపే వదిలించుకునేవారు. రోడ్డు కూలీకి అందిన నోటు రొట్టెల కొట్టుకు, అక్కణ్నుంచి మరో అంగడికి, చివరికి పన్ను కింద మళ్లీ పురపాలక సంఘానికి చేరేది. పన్ను ముందుగానే కట్టేసినవాళ్లూ ఉన్నారు, ఏ సర్కారుకైనా కలలాంటి మాటే. వీధులు బాగుపడ్డాయి, ఒక వంతెన, స్కీ జంప్ లేచాయి.

మిగతా ఊళ్లూ అదే బాట పట్టబోతుంటే ఆస్ట్రియా జాతీయ బ్యాంకు ఉలిక్కిపడింది. నోట్ల జారీ తన ఒక్కదాని హక్కేనంది. 1933 సెప్టెంబరులో ఆ నోట్లు ఆగిపోయాయి.