లెక్కకు ప్రమాణము: జిల్లాయా, తాలూకాయా, గ్రామమా?

ధాన్యమును కొలుచునపుడు కుంచము మారినంత మాత్రమున రాశి మారదు. జనమును కొలుచునపుడు అట్లు కాదు. జిల్లాను కుంచముగా పెట్టుకొన్నపుడు అల్పసంఖ్యాకులైనవారు తాలూకాను పెట్టుకొన్నచో ఇతరులకు సమానులగుదురు. గ్రామమును పెట్టుకొన్నచో అధికసంఖ్యాకులు కూడ కావచ్చును. ఆంధ్రదేశపు ఎల్లలకు ఆవల తరతరములుగా స్థిరపడిన మనవారి చరిత్రలో ఈ కుంచము కథ పెద్దది. మన సంఘముల సభలలో 'మన సంఖ్య ఎంత' అను వాదము తరచుగ వినబడును. ఆ సంఖ్యను ఏ హద్దులలో లెక్కించిరను ప్రశ్న మాత్రము అరుదు.

మొదట బళ్లారి సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి జిల్లాను తాలూకాల వారీగ విభజించిరి. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు వచ్చెను; తక్కినవి మైసూరునకు పోయెను. బళ్లారి తాలూకా విషయమున వివాదము తెగకపోగా, హైదరాబాదు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రాగారిచే ప్రత్యేక విచారణ జరిపించిరి. తుదకు ఆ తాలూకా పట్టణముతో సహా మైసూరు పాలయ్యెను. 1955లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము బళ్లారి, సిరుగుప్ప, హోస్పేట తాలూకాలను ఆంధ్రలో చేర్చవలెనని సిఫారసు చేసెను. అందులకు ఆ సంఘము చూపిన ముఖ్యకారణము భాష కాదు, తుంగభద్ర ప్రాజెక్టు. కేంద్రప్రభుత్వము ఆ సిఫారసును అంగీకరింపలేదు. సామాన్యముగ జిల్లాను చీల్చరాదని తలచిన సంఘమే ఇచ్చట తాలూకాలను వేరుచేసి చూచుట గమనింపదగినది. అవసరమును బట్టి కుంచమును మార్చుకొనుట అధికారులకు కొత్త కాదు.

గ్రామమును ప్రమాణముగా తీసికొన్న ఉదాహరణము ఆంధ్ర, మద్రాసు సరిహద్దు. దీనిని కొంత విపులముగ చెప్పుట అవసరము. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినపుడు తిరుత్తణి ప్రాంతము అందులో చేరినది. భాషారాష్ట్రములు వచ్చిన పిదప తిరుత్తణికై తమిళులు ఆందోళన సాగించిరి, ఎం.పి. శివజ్ఞానముగారు అందు ముఖ్యులు. ఇటు చెంగల్పట్టు జిల్లా ఉత్తరభాగమునందలి తెలుగు గ్రామములు తమను ఆంధ్రలో చేర్చుమని కోరుచుండెను. ఉభయ ప్రభుత్వములును హెచ్.వి. పటాస్కరుగారి మధ్యవర్తిత్వమునకు సమ్మతించెను. ఆయన అవలంబించిన సూత్రములు ప్రసిద్ధములు: గ్రామమే ప్రమాణము, అందు అధికసంఖ్యాకుల భాష చూడవలెను, ఆ గ్రామము ఆయా రాష్ట్రమునకు భూభాగరీత్యా ఆనుకొని యుండవలెను. 1959లో పార్లమెంటు శాసనము చేసినది. 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి తాలూకాలో అధికభాగమును, పళ్లిపట్టు ప్రాంతమును మద్రాసునకు పోగా, సత్యవేడు ప్రాంతము చిత్తూరు జిల్లాలో చేరెను.

చూచుటకిది న్యాయమైన పద్ధతియే. జిల్లా కంటె, తాలూకా కంటె గ్రామము మేలైన కుంచమని నా అభిప్రాయము. అయినను ఇందును రెండు చిక్కులు కలవు. మొదటిది ఆనుకొని యుండవలెనను నియమము. నాలుగు వైపుల తమిళ గ్రామములున్న తెలుగు గ్రామము, అందరును తెలుగువారే అయినను, ఈ లెక్కకు రాదు. మద్రాసు వైపు అట్టి తెలుగు గ్రామములును, ఆంధ్ర వైపు అట్టి తమిళ గ్రామములును మిగులుట అనివార్యము. రెండవది అంతకంటె సూక్ష్మమైనది. లెక్కలో గ్రామమనగా రెవిన్యూ గ్రామము. దానికి కరణము వ్రాసిన పటము, సర్వే నంబర్లు ఉండును. జనులు నివసించునవి దాని క్రిందనున్న పల్లెలు, మజరాలు. కాలువ కీవలి మజరా తెలుగువారిది, ఆవలి మూడు మజరాలు తమిళులవి యైనచో పట్టికలో కనబడునది తమిళ గ్రామమే. ఎన్నో తరముల క్రిందట వచ్చి, అడవి నరికి, చెరువు త్రవ్వి ఊరు కట్టుకొన్న కుటుంబములకు ఆ పట్టికలో ప్రత్యేకమైన వరుస లేదు.

ఇక హోసూరు. తెలుగు, కన్నడము, తమిళము ఒకే సంతలో వినబడు ఆ తాలూకా మద్రాసు రాష్ట్రమునందే నిలిచినది. అప్పుడది సేలము జిల్లాలోనిది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడగా అందు చేరినది. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడగా ఇందు చేరినది. ఒక్క కుటుంబమైనను ఇల్లు కదలకయే మూడు జిల్లాల లెక్కలలో కనబడినది. కోలారు జిల్లా బాగేపల్లి వారి కథయు ఇట్టిదే. 2007 నుండి వారిది చిక్కబళ్లాపురము జిల్లా.

దీనివలన కలుగు భేదమేమని చదువరులు అడుగవచ్చును. భాషాల్పసంఖ్యాకుల రక్షణలను గూర్చి 1956లో కేంద్రప్రభుత్వము ఒక పత్రము ప్రకటించినది. జిల్లాలో నూటికి 70 మంది రాష్ట్రభాష కాక వేరొక భాష వారైనచో, ఆ జిల్లాకు ఆ భాషయే అధికారభాష కావచ్చును. జిల్లాలో గాని, మునిసిపాలిటీ, తాలూకా వంటి చిన్న ప్రాంతములో గాని అల్పసంఖ్యాకులు నూటికి 15 నుండి 20 వరకు ఉన్నచో, ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు, నిబంధనలు వారి భాషలో కూడ ప్రకటింపవలెను. లెక్క కొరకు ఒక తాలూకాలో లక్ష జనము, అందు 40 వేల తెలుగువారు ఉన్నారనుకొందము. తాలూకాను చూచినచో నూటికి 40. అది 10 లక్షల జిల్లాలో భాగమై, తక్కిన తాలూకాలలో తెలుగువారే లేనిచో నూటికి 4. జిల్లా చీలి 4 లక్షలదైనచో నూటికి 10. మనుష్యులు వారే, ప్రకటన తెలుగులో వచ్చుటయు రాకుండుటయు కుంచముపై ఆధారపడినది. పత్రము 'చిన్న ప్రాంతము' అని స్పష్టముగ చెప్పియుండగా, జిల్లా లెక్కను చూపి అర్జీలను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. మనవారు అర్జీలలో జిల్లా సంఖ్యనే వ్రాయుటయు తెలివి కాదు. బడి విషయము కొంత మేలు. 1949 నాటి విద్యామంత్రుల తీర్మానము ప్రకారము తరగతిలో 10 మంది, లేక పాఠశాలలో 40 మంది పిల్లలున్న చాలును. దానికి ఏ హద్దుతోను పనిలేదు.

మహారాష్ట్రమునందలి సిరోంచ మరింత పాత ఉదాహరణము. 1860లో నిజాము ఆంగ్లేయులకిచ్చిన గోదావరి ఎడమగట్టు తాలూకాలతో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడెను. సిరోంచ దానికి ముఖ్యపట్టణము. 1874లో భద్రాచలము మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసెను. సిరోంచ చాందా జిల్లాలో చేరెను. ఒకే జిల్లావారు రెండు పట్టికల పాలైరి. 1982 నుండి సిరోంచ గడ్చిరోలి జిల్లాలోనిది. ఒరిస్సా వైపున, 1936లో పర్లాకిమిడి జమీందారీ రెండుగ చీలెను. పట్టణము ఒరిస్సాకు పోయినది, 1992 నుండి గజపతి జిల్లాకు కేంద్రమైనది.

జనగణనకు ముందు జిల్లా, తాలూకా, గ్రామముల హద్దులను మార్చకుండ నిలిపివేయుదురు. 2021లో జరుగవలసిన గణన జరుగలేదు. 2027 మార్చి 1 ప్రమాణదినముగా 2025 జూన్‌లో ప్రకటన వెలువడినది. ఎన్యూమరేటరు మాతృభాషను అడిగినపుడు మజరాలోని ఇల్లాలు చెప్పు సమాధానము ఏ గ్రామము వరుసలో పడవలెనో ఆ హద్దులే నిర్ణయించును.

నియోజకవర్గముల హద్దులు వేరు. 2008 నాటి ఉత్తరువుతో వచ్చినవి 2001 జనసంఖ్యను బట్టి గీచినవి. వానికి మాతృభాషతో సంబంధము లేదు. యానాము ఇందులకు విచిత్రమైన ఉదాహరణము. జనగణనలో అదియొక జిల్లా. 2011లో జనసంఖ్య 55,626. 1965 నాటి పుదుచ్చేరి అధికారభాషా శాసనము అచ్చట తెలుగు వాడుకకు అవకాశమిచ్చినది. 30 స్థానముల పుదుచ్చేరి శాసనసభకు యానాము ఒక్క సభ్యుని పంపును. లోక్‌సభ యెన్నికలలో మాత్రము ఆ తెలుగు ఓట్లు వందల మైళ్ల దూరమునందలి పుదుచ్చేరి, కారైకాలు, పడమటి కడలియొడ్డు మాహే ఓట్లతో ఒకే రాశిగ లెక్కింపబడును.