బ్లాక్ లోటస్: ఒక కంపెనీ ఇచ్చిన మాట కథ

2021 జనవరిలో ఈబేలో పేకముక్క సైజున్న ఒక అట్టముక్క 5,11,100 డాలర్లకు అమ్ముడుపోయింది. దాని పేరు బ్లాక్ లోటస్. రాజుల కాలం నాటిదేం కాదు, 1993లో ప్రింటయిన ఆట కార్డు. మరి అంత రేటు ఎందుకు? ఇవాళ్టి కథ అదే.

చిన్నప్పుడు నేను ట్రంప్ కార్డ్స్ తెగ ఆడేవాణ్ణి. ఒక రకం డబ్బా ఎవరు కొన్నా లోపల అవే కార్డులు. అమెరికాలో లెక్కల్లో పీహెచ్‌డీ చేస్తున్న రిచర్డ్ గార్ఫీల్డ్ దీన్ని తిరగేశాడు. ప్యాకెట్ విప్పేదాకా ఏ కార్డులొస్తాయో తెలీదు. వచ్చినవాటితో ఎవరి డెక్ వాళ్లే కట్టుకోవాలి. అదే మ్యాజిక్: ది గ్యాదరింగ్. విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 1993 ఆగస్టులో దాన్ని విడుదల చేసింది.

ఆటలో మీరొక మాంత్రికుడు. ల్యాండ్ కార్డుల నుంచి మానా అనే శక్తి తీసి జీవుల్ని పిలవాలి. ఉదాహరణకి షివన్ డ్రాగన్. దాడి 5, తట్టుకునే బలం 5, పైగా ఎగురుతుంది. కానీ పిలవాలంటే 6 మానా కావాలి. టర్నుకి ఒక్క ల్యాండే దించగలం కాబట్టి మామూలుగా ఆరో టర్ను దాకా ఆగాలి. అదే చేతిలో బ్లాక్ లోటస్ ఉంటే? దాని ఖర్చు సున్నా, ఒక్కసారి వాడితే ఇచ్చేది 3 మానా. అంటే మూడో టర్నుకే డ్రాగన్ దిగిపోతుంది! అందుకే 1994లోనే పోటీల్లో డెక్‌కి ఒక్కటే అని రూల్ పెట్టారు.

మొదటి విడతలో ఈ కార్డులు సుమారు 1,100 మాత్రమే. 1993 చివర్లో వచ్చిన మూడో విడత తర్వాత పోటీల్లో చెల్లే కార్డుగా ఇక వేయలేదు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. పాత కార్డులు దొరకట్లేదని ఆటగాళ్లు అడిగారు. దాంతో కంపెనీ 1995లో క్రానికల్స్ అనే సెట్‌లో కొన్ని పాత కార్డుల్ని మళ్లీ వేసింది. ఆడేవాళ్లకి పండగే. కానీ దాచుకున్నవాళ్ల కార్డుల రేట్లు పడిపోయాయి, వాళ్లకి ఒళ్లు మండింది. చివరికి 1996 మార్చిలో కంపెనీ మాటిచ్చింది: ఈ జాబితాలో ఉన్న కార్డుల్ని మళ్లీ ఎప్పుడూ వేయం. దాని పేరు రిజర్వ్‌డ్ లిస్ట్. బ్లాక్ లోటస్ అందులో ఉంది, షివన్ డ్రాగన్ లేదు. అందుకే ఆ డ్రాగన్ కొత్త కాపీ ఇవాళ చిల్లర డబ్బులకే దొరుకుతుంది.

2022లో కంపెనీ 30వ వార్షికోత్సవ సెట్ తెచ్చింది. నాలుగు ప్యాకెట్లు 999 డాలర్లు. అందులో లోటస్ రావచ్చు, కానీ కార్డు వెనక డిజైన్ వేరు, అధికారిక పోటీల్లో చెల్లదు. మాట తప్పకుండా ఆ పేరు అమ్ముకున్నారన్నమాట!

నన్నడిగితే, ఆ మాట దాచుకున్నవాళ్ల డబ్బుని కాపాడింది, ఆడాలనుకున్న పిల్లల చేతికి మాత్రం కార్డు అందకుండా చేసింది. 1996లో మీరే ఆ కుర్చీలో ఉంటే ఎవరి వైపు నిలబడేవాళ్లు? ఆలోచించండి.